ఎగువ మడుగులో ఒక్కటి

బకెట్‌లో సగం నీళ్ళు వాగులోకి వంపి, వాగులోంచే మళ్ళీ సగం నింపాడు బాబాయి. నీళ్ళన్నీ ఒక్కసారిగా మార్చకూడదు. చేప బెదురుతుంది, బెదిరిన చేప కాసేపట్లోనే పొట్ట పైకి తిప్పేస్తుంది. అందుకని ముందు సగం, కాస్త ఆగి మరో సగం. పైన కప్పిన తడి గోనెసంచి తొలగించి లోపలికి చూశాడు. మళ్ళీ కప్పాడు. రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి మళ్ళీ చూశాడు. చేపలకేం, అవి బాగానే ఉన్నాయి. నిలకడ లేనిది బాబాయికే.

చేపల పరిశోధనకు వచ్చిన ఆ గుంపులో అతన్ని అందరూ బాబాయి అనే పిలుస్తారు. కొండవాగుల్లో ఏ చేప ఎక్కడ ఉంటుంది, ఎక్కడ ఉండదు, ఎందుకు ఉండదు అన్నది తేల్చడం మేడం పని. పట్టిన చేపలు చావకుండా చూసుకుని, కొలతలయ్యాక ఏ మడుగువి ఆ మడుగులో వదిలిపెట్టడం బాబాయి పని. మేడంకి ముందు ఒక సారు ఉండేవాడు, ఆయనకు ముందు మరో పెద్దాయన. చదువుకున్నవాళ్ళు వచ్చారు, చూశారు, పుస్తకాలు రాసుకున్నారు, వెళ్ళారు. బకెట్ మాత్రం చేయి మారలేదు. కాగితాల మీద ఈ ఉద్యోగానికి క్షేత్ర సహాయకుడని గంభీరమైన పేరుంది. జీపు డ్రైవరు దాన్ని ఒక్క మాటలో తేల్చేశాడు.

"చేపలకి ఆయావి నువ్వు, బాబాయ్."

సన్నటి మనిషి. ఏళ్ళ తరబడి నీళ్ళు మోసి కుడి భుజం ఎడమదానికన్నా కొంచెం జారింది. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ఉంటుంది. మడమలు ఎప్పుడూ నాని తెల్లగా ఉంటాయి. కూర్చోబెడితే కూర్చోలేడు, నిలబెడితే నిలబడలేడు. చిన్నప్పుడే వాళ్ళక్క అతనికి కాలుకాలిన పిల్లి అని పేరు పెట్టింది. ఆ పిల్లికి తగిన పని ఈ వాగులోనే దొరికింది. ఇక్కడ ఎవరూ కూర్చోమనరు.

ఇవాళ మాత్రం ఆ కాలు మరీ కాలుతోంది. చొక్కా జేబులో ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఫోను ఉంది. పొద్దుటి నుంచి దాన్ని ఎన్నిసార్లు తీసి చూశాడో. ఈ లోయలో సిగ్నల్ రాదని అందరికంటే ముందు తెలిసినవాడు అతనే. జలపాతం పక్కన రాళ్ళ మీదుగా పైకెక్కితే, ఎగువ మడుగు ఒడ్డున బల్లపరుపుగా ఉన్న బండ మీద మాత్రం వస్తుంది. డ్రైవరు రోజూ ఆ బండ ఎక్కే ఇంటికి మాట్లాడతాడు.

"ఏంటి బాబాయ్, ఆ ఫోను గుడ్లు పెడుతుందా?" అన్నాడు డ్రైవరు.

"పెడితే నీకే ఇస్తాలే" అన్నాడు బాబాయి. నవ్వలేదు.

అక్క ఆసుపత్రిలో ఉంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని డాక్టరు చెబితే, "చూశావా, నన్ను కూడా నీ బకెట్లో వేశారు" అని తమ్ముడితో పరాచికమాడింది. రాత్రంతా ఆమె మంచం పక్కన బల్ల మీద కూర్చున్నాడు. కూర్చోవడం అంటే కాళ్ళు ఊపడం, లేచి కిటికీ దాకా వెళ్ళడం, రావడం, సెలైన్ సీసా వంక చూడడం, మళ్ళీ లేవడం. నర్సు రెండుసార్లు కసిరింది. తెల్లవారాక అక్కే కళ్ళు తెరిచి, ఒక్కొక్క మాటకూ ఊపిరి కూడదీసుకుంటూ చెప్పింది.

"నువ్విక్కడ తిరుగుతుంటే నాకు ఆయాసం ఎక్కువవుతోందిరా. పనికి పో. సాయంత్రం రా."

"మీరు వెళ్ళండి, నేనుంటాగా" అంది భార్య. "మీరిక్కడే ఉంటే ఆ బల్ల అరిగిపోతుంది."

వెళ్ళమన్నారు కదా అని వచ్చేశాడు. వచ్చాక తెలిసింది, వచ్చింది కాళ్ళే గాని మనసు రాలేదని. మేడంకి చెప్పలేదు. చెబితే, ఎందుకొచ్చారు బాబాయ్, వెళ్ళిపోండి అంటుంది. వెళ్ళి ఆ బల్ల మీద కూర్చోవాలి. అక్క ఊపిరి లోపలికి వెళ్ళడం, బయటికి రావడం, మధ్యలో ఆగడం చూస్తూ కూర్చోవాలి. ఆ పని అతనివల్ల కాదు. అంతకంటే వాగు మొత్తం బకెట్లతో తోడమన్నా తోడతాడు.

దిగువ మడుగులో మేడం వల అడ్డం పట్టింది. డ్రైవరు ఎదురుగా ఉన్న రాళ్ళు కాలితో కదిలించి చేపల్ని అటు తోలాడు. వలలో పడినవాటిని బాబాయి తడి చేతులతో తీసి ఎర్ర బకెట్‌లో వేశాడు. పొడి చెయ్యి తగిలితే చేప ఒంటి జిగురు ఊడిపోతుందని అతనికి ఏ పెద్దాయనో ఎప్పుడో నేర్పాడు. ఎర్ర బకెట్ దిగువ మడుగుది, నీలం బకెట్ ఎగువ మడుగుది. ఆ రంగులు కలవకూడదు. మేడం మొదటి రోజే జలపాతం వైపు చెయ్యి చాపి చెప్పింది.

"ఇది గోడ అనుకోండి, బాబాయ్. కింద ఇన్ని రకాలున్నాయి, పైన రెండే. కిందివి ఈ గోడ ఎక్కలేవు. అందుకే పైన ఉన్నవి ఎన్ని వేల ఏళ్ళుగానో వాటి మానాన అవి బతుకుతున్నాయి. పొరపాటున కిందివి పైకి చేరి పిల్లలు పెట్టాయంటే, పైవాటి గుడ్లు ఒక్కటీ మిగలదు."

వేల ఏళ్ళ సంగతి బాబాయి బుర్రకెక్కలేదు. గోడ సంగతి ఎక్కింది. ఇన్నేళ్ళలో ఒక్క చేప కూడా అతని చేతుల మీదుగా దారి తప్పలేదు.

మేడం రాసుకునే పేర్లు అతని నోటికి తిరగవు. అతనికి అతని పేర్లున్నాయి. మీసాలున్నది మావగారు. గుంపుగా వచ్చి గుంపుగానే పోయే వెండి చేపలు పెళ్ళివారు. పొట్టతో రాయిని కరుచుకుని, ఎంత వరదొచ్చినా కదలనిది ఇల్లరికపు అల్లుడు. ఇది ఎగువ మడుగులోనే ఉంటుంది. రాయి కింద దూరి, ఎంత బతిమాలినా బయటికి రాని చారల చేప అలిగిన అల్లుడు. మేడం మొదట్లో నవ్వింది. తరవాత ఒకరోజు తనే వల పైకెత్తి, "బాబాయ్, మావగారు దొరికారు" అని కేకేసింది.

ఆ పేర్లు పెట్టింది బాబాయి ఒక్కడే కాదు, సగం వాళ్ళక్క పెట్టినవి. ఆ ఇద్దరికీ కలిపి ఈ లోకంలో చుట్టాలన్నవాళ్ళు లేరు. అమ్మానాన్నలు పోయేనాటికి ఆమెకు పెళ్ళీడు, ఇతనికి పాలపళ్ళు ఊడే వయసు. ఆమె బట్టలు కుట్టే కార్ఖానాలో కాజాలు కుట్టే పనికి చేరింది. రోజంతా ఇతరుల చొక్కాలకు కాజాలు కుట్టి, సాయంత్రం ఇంటికొచ్చి తమ్ముడి చొక్కాకు గుండీలు కుట్టేది. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే, "వీణ్ణి ఒక దారిన పడనివ్వండి" అనేది. వాడు దారిన పడ్డాడు. దారి కొండల్లోకి, వాగుల్లోకి పోయిందనుకోండి, అయినా దారే. అప్పటికి పెళ్ళి మాట ఎత్తేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఆమె కూడా దాన్ని పెద్దగా పట్టించుకున్నట్టు కనిపించలేదు. పట్టించుకుందో లేదో తమ్ముడు అడగలేదు. అడగాల్సింది.

తమ్ముడి పెళ్ళయ్యాక కొన్నాళ్ళు ముగ్గురూ ఒకే ఇంట్లో ఉన్నారు. వదినా మరదలూ ఇద్దరూ మంచివాళ్ళే. వంటిల్లే ఇరుకు. ఒక పొద్దున అక్క ట్రంకుపెట్టె సర్దుకుని, ఊరికి ఆ చివర ఒక మేడ మీది గది చూసుకున్నానని చెప్పింది. ఆ పెట్టె భుజాన వేసుకుని మెట్లన్నీ ఎక్కి ఆమెను అక్కడ దింపి వచ్చింది బాబాయే.

"ఇక్కడ నీకెవరున్నారక్కా?" అన్నాడు పెట్టె దించుతూ.

"అక్కడ మాత్రం ఎవరున్నార్రా, నువ్వు తప్ప. నువ్వు ఇక్కడికి రావా ఏం?"

వచ్చాడు. వాగుల నుంచి తిరిగొచ్చిన ప్రతి సాయంత్రమూ ఇంటికంటే ముందు ఆ మెట్లే ఎక్కాడు. ఆమె పిట్టగోడ దగ్గర నిలబడి ఉండేది. అతను చివరి మెట్టు ఎక్కకముందే అడిగేది, "ఇవాళ మన చుట్టాలెవరు కలిశార్రా?" అని. అతను చెప్పేవాడు. మావగారు కరవబోయారనీ, పెళ్ళివారు వల చింపుకుని పోయారనీ. ఆమె పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. "లేని చుట్టాలు ఉన్న చుట్టాల కంటే నయం రా, పెట్టుపోతల బాధ లేదు" అనేది. ఆ మేడ మీద ఇరుగుపొరుగుకు ఆమె తలలో నాలుకగా ఉండేదని అందరూ అంటారు. నిజమే కావచ్చు. కాని వాళ్ళంతా తలుపులు వేసుకున్నాక ఆ గదిలో ఆమె ఒక్కతే ఉండేదన్నది కూడా నిజమే. అతను మెట్లు దిగేటప్పుడు ఆ సంగతి అతని వెనకే దిగేది. ఇంటికి చేరేలోపు ఎలాగో వదిలించుకునేవాడు.

కొలతలు పూర్తయ్యాయి. మేడం చివరి చేపను కొలబద్ద ఉన్న పళ్ళెంలో పెట్టి, పొడవు చూసి, బకెట్‌లో వేసింది.

"ఇక వదిలేయండి, బాబాయ్. తరవాత పైకి వెళదాం."

బాబాయి ఎర్ర బకెట్ అందుకుని దిగువ మడుగు వైపు నాలుగడుగులు వేశాడు. జేబులో ఫోను ఒక్కసారి వణికింది. గాలివాటున ఏ సిగ్నలో కొండ దాటి వచ్చినట్టుంది. తీసి చూస్తే భార్య నుంచి పిలుపులు, ఒకదాని కింద ఒకటి. తిరిగి చేస్తే మోగలేదు.

అతను వెనక్కి తిరిగి రాళ్ళెక్కడం మొదలుపెట్టాడు. బకెట్ కింద పెట్టలేదు. చేపలున్న బకెట్‌ను ఎండలో వదిలి వెళ్ళడం అతని చేతికి తెలియదు. నాచు పట్టిన రాళ్ళ మీద ఒక చేత్తో చెట్ల వేళ్ళు పట్టుకుంటూ, రెండో చేతిలో బకెట్ తొణక్కుండా ఎత్తిపట్టి, జలపాతం తుంపర్లు ముఖాన కొడుతుంటే పైదాకా ఎక్కాడు. కింద డ్రైవరు చూసి, ఫోను కోసం వెళ్తున్నాడులే అనుకున్నాడు.

బండ మీద నిలబడి ఫోను చేశాడు. మొదటిసారి మోగగానే ఎత్తింది.

"ఎంతసేపట్నుంచీ చేస్తున్నానండీ."

"చెప్పు."

"వదిన పోయిందండీ."

ఆమే చెప్పుకుపోయింది. "దిండు ఎత్తుగా పెట్టానని పొద్దున నన్ను తిట్టింది. సరిచేశాను. కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. నిద్రపోతోందిలే అని నేను కూడా కాసేపు కునుకు తీశానండీ. నర్సమ్మ వచ్చి చూసి..." వెక్కిళ్ళతో మాట ఆగిపోయింది. ఇన్నేళ్ళూ వదినకు మాటకు మాట అప్పజెప్పిన మనిషి చిన్నపిల్లలా ఏడుస్తోంది.

"వస్తున్నా" అన్నాడు.

ఫోను మళ్ళీ ప్లాస్టిక్ కవరులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఇంకేం చెయ్యాలో తోచలేదు. తల పనిచెయ్యడం మానేసింది, చేతులు మాత్రం వాటికి తెలిసిన పని చేసుకుపోయాయి. నీటి అంచున మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గోనెసంచి తీశాడు. బకెట్ మూతి నీటికి ఆనించి, లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒకటయ్యేదాకా ఆగాడు. ఆ తరవాత మెల్లగా వంచాడు. పెళ్ళివారు ముందు కదిలారు, అందరూ ఒక్కసారే. మావగారు మీసాలాడిస్తూ వెనక నడిచారు. అడుగున మిగిలిన చారల చేపను వేలితో మెల్లగా తోశాడు. అది సర్రున జారి రాయి కింద దూరింది. బకెట్ జాడించి పైకెత్తాడు.

ఎదురుగా చెట్ల కొనలు కనిపించాయి. చెట్ల కొనలు కాళ్ళ కంటే కిందున్నాయి. చేతిలో బకెట్ ఎర్రగా ఉంది.

బండ అంచుకు పరిగెత్తాడు.

"అమ్మా, పైకి రండి. వలలు తీసుకుని రండి. కిందివి పైన వదిలేశాను."

జలపాతం హోరులో మేడంకి మాట పూర్తిగా వినపడలేదు గాని, ఎర్ర బకెట్ కనిపించింది. ఆమె ముఖం పాలిపోవడం పైనుంచి కూడా తెలిసింది. వలలు భుజాన వేసుకుని, డ్రైవరును వెంటబెట్టుకుని, గబగబా ఎక్కేసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "ముందు ఆ వాగు మూతికి వల అడ్డం కట్టండి, పైకి పోకుండా" అని ఒక్క మాట చెప్పి నీళ్ళలో దిగింది.

మడుగు పెద్దది కాదు, ఒక గదంత. ముగ్గురూ నడుం వంచారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదేనని బాబాయికి తెలుస్తూనే ఉంది. అక్కడ అక్క మంచం మీద పడుకుని ఉంది. ఆమె పక్కన రక్తసంబంధం ఒక్కటీ లేదు. పోవాలి. ఈ తప్పు ఇలా వదిలేసి ఎలా పోతాడు? ఆ మాట చెబితే ఇప్పుడే పంపేస్తారు, తను చేసిన పాడుపని వీళ్ళ నెత్తిన పడుతుంది. ఇంకొకటి పట్టాక చెబుదాం అనుకున్నాడు. అది పట్టాక, ఇంకొకటి పట్టాక అనుకున్నాడు. నోటితో ఆ మాట అనేస్తే అది నిజమైపోతుందన్న భయం కూడా ఉంది.

పెళ్ళివారు గుంపు వదలరు కాబట్టి తేలిగ్గానే దొరికారు. మావగారు డ్రైవరు కాళ్ళ సందునుంచి రెండుసార్లు తప్పించుకుని, మూడోసారి వలలో పడ్డారు. మిగిలినవాటిని ఒక్కొక్కటే తీశారు. సూర్యుడు కొండ అవతలి వైపుకు జరిగాడు. ఎర్ర బకెట్‌లో వాటిని లెక్క చూసుకుంటే ఒకటి తక్కువైంది. అలిగిన అల్లుడు. అది దూరిన రాయి మనుషులు కదిలించగలిగేది కాదు.

బాబాయి ఆ రాయి ముందు నీళ్ళలో చతికిలబడి, కింద సందులోకి భుజం దాకా చెయ్యి పెట్టి వెతుకుతున్నాడు. మేడం నడుం నిటారుగా చేసుకుని ఊపిరి పీల్చుకుంది. ఆమె ముఖంలోకి మళ్ళీ రంగు వచ్చింది.

"పోనీలెండి, బాబాయ్. ఒక్కటేగా. ఒక్కటి ఉంటే ఏం కాదు. జత లేదు, పిల్లలుండవు. దాని రోజులు అది గడిపేసి పోతుంది. అది ఉన్నట్టు ఈ మడుక్కి తెలియను కూడా తెలియదు."

ఊరడింపుగానే అంది. శాస్త్రం ప్రకారం నిజమే అంది. బాబాయి చెయ్యి సందులోనే ఆగిపోయింది.

"అలా అనకండమ్మా" అన్నాడు.

అతను అలా మాట్లాడడం ఆమె ఎప్పుడూ వినలేదు.

"ఒక్కటే అయితే మాత్రం... అలా అనకండి. మా అక్క పోయిందమ్మా. రాత్రంతా ఆసుపత్రిలో పక్కనే ఉన్నాను. ఇందాక ఫోనొచ్చింది. ఆమె ఒక్కతే ఉండేది. ఆ మేడ మీద నేనే దింపి వచ్చాను."

నీళ్ళలో అలాగే కూర్చుని, రాయికి నుదురు ఆనించి ఏడ్చాడు. చిన్నప్పుడు అమ్మ పోయినప్పుడు ఏడవలేదు, అక్క ఉంది కదా అని. ఇప్పుడు ఆ ఏడుపు కూడా కలిసి వచ్చింది. డ్రైవరు వల చేతిలో పట్టుకుని, ఎటు చూడాలో తెలియక చెట్ల వంక చూశాడు. మేడం అతని పక్కనే నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చుంది. వీపు మీద చెయ్యి వేసింది. చాలాసేపు తియ్యలేదు.

"పొద్దున్నే ఎందుకు చెప్పలేదు, బాబాయ్?" అని మాత్రం అడిగింది.

"కూర్చోలేకపోయానమ్మా" అన్నాడు.

ఆమెకు అర్థమైనట్టే ఉంది. డ్రైవరు వైపు తిరిగి, "నువ్వు బాబాయిని తీసుకెళ్ళు. ఆసుపత్రి లోపలి దాకా వెళ్ళి దగ్గరుండు. నా కోసం తరవాత రా" అంది. బాబాయితో, "ఎర్ర బకెట్ నేను కిందికి తీసుకెళతాను. దీన్ని పట్టుకున్నాకే కొండ దిగుతాను" అంది. ఆ మాట అతను నమ్మాడు.

"వలతో కెలకకండమ్మా. బెదిరితే ఇంకా లోపలికి పోతుంది. చీకటి చూపిస్తే అదే వస్తుంది."

నడుముకు చుట్టుకున్న తువ్వాలు విప్పి, నీళ్ళలో ముంచి పిండాడు. రాయి పక్కన లోతు తక్కువున్న చోట, నీటికి జానెడు పైన, ఈ రాతి నుంచి ఆ రాతికి పందిరిలా పరిచాడు. ఎగిరిపోకుండా నాలుగు కొసల మీదా రాళ్ళు పెట్టాడు. ఒక రాయి సరిగ్గా కుదరలేదని తీసి, మరోటి వెతికి పెట్టాడు.

"సాయంత్రానికి ఈ నీడకు వచ్చేస్తుంది. దోసిలితో తియ్యండి. తీసుకెళ్ళి దానివాళ్ళ దగ్గర వదలండమ్మా."

"అలాగే" అంది మేడం.

అతను రాళ్ళ మీదుగా దిగిపోయాడు. ముందు డ్రైవరు, వెనక అతను. చేతిలో బకెట్ లేక కుడి చెయ్యి ఊరికే ఊగుతోంది. ఆ చేతిని ఏం చెయ్యాలో తెలియనట్టు ఒకసారి జేబులో పెట్టాడు, ఒకసారి వెనక్కి కట్టుకున్నాడు. మలుపు దగ్గర ఆగుతాడేమో అనుకుంది మేడం. ఆగలేదు. కాసేపటికి లోయలోంచి జీపు కదిలిన చప్పుడు వినిపించింది.

ఆమె ఒడ్డున బండ మీద, తన నీడ నీటి మీద పడకుండా దూరంగా కూర్చుంది. రాళ్ళ మధ్య తువ్వాలు తడిసి బరువెక్కి నీటిదాకా జారింది. కిందినుంచి నీరు తగిలినప్పుడల్లా దాని నడుమ కొంచెం లేస్తోంది, మళ్ళీ వాలుతోంది.